చెక్కు మీద అంకె, ఖాతాలో అంకె

అప్పు ఇరవై లక్షలు. దానికి ఇచ్చిన చెక్కూ ఇరవై లక్షలకే. ఆ చెక్కు బ్యాంకుకు చేరే నాటికి అప్పు తీసుకున్న మనిషి విడతలుగా 4,09,315 రూపాయలు తిరిగి కట్టేశాడు. అప్పిచ్చినవాడు మాత్రం చెక్కును పూర్తి మొత్తానికే వేశాడు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగొచ్చింది. చెక్కు బౌన్సయింది కాబట్టి నేరమేనా? గుజరాత్‌లో పుట్టిన ఈ తగాదాలో 2022 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు వరండాల్లో దాన్ని దశరథ్‌భాయ్ కేసు అంటారు. ధర్మాసనంలో ఇద్దరు. ఒకరు జస్టిస్ డి.వై. చంద్రచూడ్, మరో నెలకు ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రెండోవారు జస్టిస్ హిమా కోహ్లీ, తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళ్లినవారు.

ఆ కేసులో సబ్ కాంట్రాక్టరు ఎవరూ లేరు, సిమెంటు ఊసూ లేదు. అయినా మన దగ్గర కట్టుబడి పనుల్లో సెక్యూరిటీ చెక్కులు ఇచ్చి ఇరుక్కున్న చిన్న కాంట్రాక్టర్లకు ఇంతకంటే పనికొచ్చే తీర్పు ఈ మధ్య కాలంలో నాకు కనబడలేదు. పనికొస్తుందని మాత్రమే దీన్ని పరిచయం చేయడం లేదు. అందులో పనితనం ఉంది. పరస్పరం పొసగనట్టు కనబడే పాత తీర్పులను ఒక్కదాన్నీ కొట్టేయకుండా ఒకచోట కూర్చడం అంత తేలికైన పని కాదు.

ముందు మన వ్యవహారం ఎలా నడుస్తుందో చూద్దాం. పెద్ద కంపెనీకి టెండరు దక్కుతుంది. అది పనిని ముక్కలు చేసి సెంట్రింగ్ ఒకరికి, రాడ్ బెండింగ్ ఒకరికి, ఎర్త్ వర్క్ మరొకరికి ఇస్తుంది. కూలీలను దింపాలి, షెడ్లు వేయాలి కాబట్టి మొబిలైజేషన్ అడ్వాన్సు ఇస్తుంది. స్టీలు, సిమెంటు కంపెనీ స్టోర్సు నుంచే వస్తాయి. వీటికి హామీ కావాలి. బ్యాంకు గ్యారంటీ తెమ్మంటే బ్యాంకు మార్జిన్ సొమ్ము, తాకట్టు అడుగుతుంది, అంత స్తోమత చిన్న కాంట్రాక్టరుకు ఉండదు. అందుకని చెక్కులు. సంతకం ఉంటుంది, తేదీ ఉండదు. చాలాసార్లు అంకె కూడా ఉండదు. తర్వాత ప్రతి ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లులోనూ అడ్వాన్సు కింద కొంత, ఇచ్చిన సామాను కింద కొంత, రిటెన్షన్ కింద కొంత కోసుకుంటారు. చెక్కు మాత్రం కంపెనీ బీరువాలో అలాగే ఉంటుంది. ఏడాది గడిచాక కొలతల దగ్గరో, ఎక్‌స్ట్రా ఐటమ్ రేటు దగ్గరో మాట తేడా వస్తుంది. పని ఆగుతుంది. బీరువాలోంచి చెక్కు బయటికొస్తుంది. దాని మీద కొత్తగా పడే అంకెకూ, ఇన్నాళ్లూ బిల్లుల్లో కోసుకుంటూ వచ్చిన లెక్కకూ సంబంధం ఉండదు. ఆ తర్వాత నోటీసు, కొన్నాళ్లకు మేజిస్ట్రేటు కోర్టు సమన్లు.

ఇక్కడ పనిచేసేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్. చట్టం 1881 నాటిది. ఈ సెక్షన్ మాత్రం 1988 సవరణతో వచ్చి 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు చెక్కు తిరిగొస్తే సివిల్ దావా వేసుకోవాల్సిందే, మోసం చేసే ఉద్దేశం రుజువు చేయగలిగితే తప్ప క్రిమినల్ కేసు నిలిచేది కాదు. ఇప్పుడు ఉద్దేశంతో పని లేదు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంత కఠినమైన సెక్షన్‌లోనే నిందితుడి వైపు తలుపులు కొన్ని తెరిచి ఉంచారు. చెక్కు చెల్లుబాటు గడువులోనే బ్యాంకుకు రావాలి. ఆ గడువు రిజర్వు బ్యాంకు ఆదేశం వల్ల 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలు. తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు ఆగాలి. అప్పటికీ కట్టకపోతేనే నేరం పూర్తవుతుంది, ఆ మీదట నెలలోగా ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో పొరపాటు చేసి ఓడిపోయిన ఫిర్యాదులు మన కోర్టుల్లో కొల్లలు. కానీ అసలు తలుపు ఇది కాదు. ఆ చెక్కు ఏదో ఒక బాకీని పూర్తిగానో కొంతగానో తీర్చడానికి ఇచ్చినదై ఉండాలని, ఆ బాకీ చట్టప్రకారం వసూలు చేసుకోదగినదై ఉండాలని సెక్షన్ అంటుంది. పూర్తిగానో కొంతగానో అన్నది ఒకవైపే పనిచేస్తుందని గమనించాలి. పది లక్షల బాకీకి నాలుగు లక్షల చెక్కు ఇస్తే అది కొంత తీర్చడం. నాలుగు లక్షల బాకీకి పది లక్షల చెక్కు వేస్తే దాన్ని ఏమనాలి? అందుకు సెక్షన్‌లో మాట లేదు. దశరథ్‌భాయ్ తీర్పు బలమంతా ఆ ఖాళీ దగ్గరే ఉంది.

ఆ ఖాళీని చేరే ముందు 139వ సెక్షన్ అడ్డం వస్తుంది. చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చారని కోర్టు ముందే అనుకోవాలని, కాదని చూపాల్సిన బాధ్యత ఇచ్చినవాడిదని ఆ సెక్షన్ చెబుతుంది. 2010లో రంగప్ప కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని గట్టిపరిచింది. అదీ కట్టుబడికి సంబంధించిన తగాదాయే. ఇల్లు కట్టుకుంటున్న ఒక మెకానిక్‌కూ, ఆ పనిని పర్యవేక్షించిన సివిల్ ఇంజినీరుకూ మధ్య 45,000 రూపాయల గొడవ. సంతకం చేసిన ఖాళీ చెక్కు పోయిందని మెకానిక్ అన్నాడు. కోర్టు నమ్మలేదు. అయితే అదే తీర్పు ఒక ఊరట కూడా ఇచ్చింది. నిందితుడు తన వాదనను సందేహాతీతంగా నిరూపించనక్కర్లేదు, ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. ఫిర్యాది కాగితాల్లోంచే ఆ సంగతి లాగినా సరిపోతుంది.

ఖాళీ చెక్కు మీద అంకె ఎవరో రాసుకున్నారన్న వాదన ఒక్కదానితో కోర్టుకెళ్లే సబ్ కాంట్రాక్టర్లు చాలామంది. అది దాదాపు పనికిరాదు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కును తీసుకున్నవాడు నింపుకున్నా చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. 2022 ఆగస్టులో మరో కేసులో, చేతిరాత ఎవరిదో నిపుణుడు తేల్చినా ఫలితం మారదంది. స్టాప్ పేమెంట్ పెట్టినా, ఖాతా మూసేసినా 138 వదలదని 1990ల చివరి నుంచీ తీర్పులున్నాయి. ఎవరి చేతిరాత అని అడగడం కంటే, ఆ అంకె ఆ రోజున ఎంత నిజమని అడగడమే పనికొచ్చే ప్రశ్న.

ఇక సెక్యూరిటీ చెక్కు. దీని మీద సుప్రీంకోర్టు మాటలు చాలాకాలం రెండు వైపులా లాగాయి. 2006లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, హామీ కోసం ఇచ్చిన చెక్కు 138 కిందకు రాదన్నట్టుగా ఒక వాక్యం పడింది. దాన్ని పట్టుకుని ఎంతమంది వాదించారో లెక్కలేదు. అంతకు నాలుగేళ్ల ముందే, కారు కొన్న భర్త ఒప్పందానికి హామీదారుగా ఉన్న భార్య ఇచ్చిన చెక్కు ఈ సెక్షన్ కిందకు వస్తుందని ఐసీడీఎస్ అనే కంపెనీ కేసులో ఇదే కోర్టు చెప్పి ఉంది. 2014లో ఇండస్ ఎయిర్‌వేస్ తీర్పు వచ్చింది. విమాన విడిభాగాల ఆర్డరుకు అడ్వాన్సుగా చెక్కులిచ్చి, సరుకు రాకముందే ఆర్డరు రద్దు చేసుకున్నారు. చెక్కు రాసిన నాటికి బాకీయే లేదు కాబట్టి నేరం లేదంది కోర్టు. 2016లో ఇరెడా (పునరుత్పాదక ఇంధన పనులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ) కేసు మన ప్రాంతానిదే. ఆంధ్రప్రదేశ్‌లో 4 మెగావాట్ల బయోమాస్ విద్యుత్ కేంద్రానికి 2001 మార్చి 15 నాటి ఒప్పందంతో 11.50 కోట్ల రూపాయల అప్పు. వాయిదాలకు హామీగా రాబోయే తేదీలు వేసిన చెక్కులు. ఒప్పందంలో వాటిని సెక్యూరిటీ అనే రాసుకున్నారు. అయినా అప్పు చేతికందింది, వాయిదా తేదీ వచ్చింది, కాబట్టి నేరమేనంది కోర్టు. 2021 అక్టోబర్‌లో జార్ఖండ్ కేసులో ఇంకో అడుగు ముందుకు పడింది. సెక్యూరిటీగా ఇచ్చినంత మాత్రాన చెక్కు చెత్తకాగితం అయిపోదని, గడువుకు అప్పు తీరకపోతే ఆ చెక్కుకు పదును వస్తుందని సారాంశం.

వీటిని వరసగా చదివితే పెద్ద కాంట్రాక్టరు తనకు కావలసినవి ఏరుకుంటాడు, సబ్ కాంట్రాక్టరు తనకు కావలసినవి. 2022 ధర్మాసనం ఈ వరసనంతా తన ముందు పెట్టుకుని, ప్రతి తీర్పులోనూ బాకీని ఏ రోజున తూచారో వెతికింది. ఇండస్ ఎయిర్‌వేస్‌లో ఏ రోజు తూచినా బాకీ లేదు, సరుకే రాలేదు. ఇరెడాలో, జార్ఖండ్ కేసులో చెక్కు పక్వానికి వచ్చిన రోజున బాకీ ఉంది. అంటే చెక్కు చేతులు మారిన రోజుతో సరిపెట్టకుండా, అది బ్యాంకుకు వెళ్లే రోజున ఎంత బాకీ మిగిలి ఉందో చూడాలి. అలా చూస్తే పాత తీర్పుల మధ్య తగవు సగం తీరిపోతుంది. హామీ చెక్కును నేరం కిందకు లాగిన వాదనే, మధ్యలో కొంత కట్టిన మనిషిని అదే నేరం నుంచి బయటకు తెస్తుంది. ఇచ్చిన రోజు బాకీ లేకపోయినా గడువు నాటికి ఉంటే పట్టుబడతాడు. ఇచ్చిన రోజు ఇరవై ఉన్నా గడువు నాటికి పదహారే మిగిలితే ఇరవైకి పట్టుబడడు. కొలిచే రోజును ఒకసారి నిలబెట్టాక దాన్ని ఇరువైపులా ఒకేలా వర్తింపజేయడంలో ఆ ఇద్దరు న్యాయమూర్తుల నిజాయితీ కనబడుతుంది.

తర్వాతి అడుగు నాకు మరీ నచ్చింది. మధ్యలో కొంత చెల్లిస్తే చెక్కు పట్టుకున్నవాడు ఏం చేయాలి? తీర్పు కొత్త నియమం కల్పించలేదు. అదే చట్టంలో ఏనాటి నుంచో ఉన్న 56వ సెక్షన్‌ను బయటికి తీసింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ మొత్తంలో కొంత చెల్లింపు జరిగి ఉంటే ఆ సంగతి దాని మీద రాసి, మిగతాదానికి మాత్రమే దాన్ని బదిలీ చేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. వర్తకులు హుండీలు, ప్రామిసరీ నోట్లు చేతులు మార్చుకునే కాలానికి రాసిన మాట అది. క్రిమినల్ కేసులకు పనికొస్తుందని 1881లో ఎవరూ ఊహించి ఉండరు. పాత ఇంటి దూలాన్ని కొత్త గదికి సరిపోయేలా అమర్చిన వడ్రంగి పనితనం అది. చెల్లింపు సంగతి రాయకుండా చెక్కును పూర్తి మొత్తానికి వేస్తే, అది తిరిగొచ్చినా 138 కింద నేరం కాదు, ఎందుకంటే ఆ అంకె ఆ రోజు బాకీకి ప్రతినిధి కాదు. కేరళ, ఢిల్లీ హైకోర్టులు ఇదివరకే ఇటువైపు నడిచాయి. తీర్పు వాటినీ కలుపుకుంది.

ఎక్కడ ఆగాలో కూడా ఆ తీర్పుకు తెలుసు. పూర్తి మొత్తం అడిగిన నోటీసు చెల్లుతుందా లేదా అన్నది దిగువ కోర్టుల నుంచీ నలుగుతూ వచ్చిన ప్రశ్న. నేరమే లేదని తేలాక నోటీసు సంగతి తేల్చనక్కర్లేదని ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. అవసరం లేని చోట నాలుగు పేజీలు రాసి, తర్వాతి తరం న్యాయవాదులకు నలభై ఏళ్ల పని కల్పించే అలవాటు మన ఉన్నత కోర్టులకు తక్కువేమీ కాదు.

ఇప్పుడు దీన్ని మన సైటు దగ్గరికి తెద్దాం. మొబిలైజేషన్ అడ్వాన్సుకు ఇచ్చిన చెక్కు అనుకోండి. ఆర్‌ఏ బిల్లుల్లో సగం అడ్వాన్సు కోసుకున్నారు. ఆ కోత కూడా చెల్లింపే, చేతికి రావలసిన సొమ్ములోంచి బాకీ కింద జమ వేసుకోవడమే. ఆ తర్వాత పూర్తి అడ్వాన్సుకు చెక్కు వేస్తే దశరథ్‌భాయ్ తీర్పు సూటిగా తగులుతుందన్నది నా అభిప్రాయం. ఆ కోతలకు సాక్ష్యం కంపెనీ సొంత బిల్లులే, వాటిని కాదనడం ఫిర్యాదికి కష్టం. స్టోర్సు సామానుదీ ఇదే దారి.

నష్టపరిహారం సంగతి వేరు. పని మధ్యలో వదిలేశావు, వేరేవాళ్లతో చేయించుకున్నాం, ఇంత నష్టం అంటూ కంపెనీ తనే ఒక అంకె వేసుకుని చెక్కు నింపితే? ఇక్కడ 1974 నాటి రామన్ ఐరన్ ఫౌండ్రీ తీర్పు గుర్తుకు తెచ్చుకోవాలి. ఒప్పందం తప్పినందుకు నష్టం అడగడం వేరు, బాకీ ఉండడం వేరని, కోర్టో ఆర్బిట్రేటరో తేల్చేదాకా ఆ కోరిక బాకీగా మారదని జస్టిస్ పి.ఎన్. భగవతి అందులో రాశారు. ఆ తీర్పులోని మరో అంశాన్ని సుప్రీంకోర్టే 1983లో సరిదిద్దినా, నష్టం కోరిక వేరు, బాకీ వేరన్న ఈ సూత్రం మాత్రం ఇప్పటికీ వాదనల్లో నిలుస్తోంది. చెక్కు బ్యాంకుకు వెళ్లే రోజున తేలిన బాకీ ఉండాలన్న దశరథ్‌భాయ్ సూత్రాన్ని దీని పక్కన పెట్టి చదవండి. తేలని నష్టానికి నింపిన చెక్కు మీద నేరం ఎలా నిలుస్తుంది? ఈ రెంటినీ కలిపి వాదించిన కౌంటర్లు మన కోర్టుల్లో ఇంకా ఎక్కువగా రావలసి ఉంది. సబ్ కాంట్రాక్టరే నష్టం ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే మాత్రం సంగతి తిరగబడుతుంది.

తీర్పులో లోటు లేదా అంటే ఉంది. చెక్కు మీద చెల్లింపు రాయమనడం కాగితం మీద బాగుంది. ఇప్పుడు చెక్కులు సీటీఎస్ పద్ధతిలో బొమ్మలుగా క్లియరింగుకు వెళతాయి. చెక్కు మీద దిద్దుబాట్లు చేస్తే తిరస్కరించాలని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. ఇరవై లక్షల చెక్కు వెనుక పదహారు లక్షలే మిగిలిందని రాసి ఇస్తే ఏ శాఖలో ఏ గుమస్తా దాన్ని ముందుకు పంపుతాడు? తీర్పు ఈ ప్రశ్న దగ్గరికి వెళ్లలేదు. ఆచరణలో మిగిలేది ఒకే దారి, పాత చెక్కు తిరిగిచ్చేసి మిగతా మొత్తానికి కొత్తది తీసుకోవడం. అది సబ్ కాంట్రాక్టరుకూ మేలే. కానీ పెద్ద కంపెనీలు పాత చెక్కు తిరిగివ్వడం నేను చూసింది తక్కువ.

ఇంకో సంగతి మరచిపోకూడదు. ఈ తీర్పు బాకీని రద్దు చేయదు. గుజరాత్ కేసులో 15,90,685 రూపాయలు మిగిలే ఉన్నాయి. క్రిమినల్ కేసు పోయినా సివిల్ దావా తలుపు అప్పిచ్చినవాడికి మూసుకుపోలేదు. పైసా కూడా కట్టని, బిల్లుల్లో కోత కూడా పడని వాడికి ఈ తీర్పు ఏమీ చేయదు. విచారణ మొదట్లోనే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనే అధికారం 2018 సవరణతో 143ఎ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అది తప్పనిసరి కాదని, కేసు బలాబలాలు చూసి నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. కాబట్టి లెక్కలన్నీ తుది వాదన దాకా దాచుకుంటే నష్టం. మొదటి వాయిదాకే బిల్లుల కోతల పట్టిక కోర్టు ముందు ఉండాలి.

సబ్ కాంట్రాక్టర్లకు నేను చెప్పేది ఇది. చెక్కు ఇవ్వక తప్పకపోతే దాని నంబరు, అది ఏ అడ్వాన్సుకు, ఎంతకు అన్నది రాసి కంపెనీ చేత అందినట్టు ముద్ర వేయించుకోండి. ప్రతి ఆర్‌ఏ బిల్లు నకలు ఇంట్లో పెట్టుకోండి. నోటీసు వస్తే ఊరుకోకుండా పదిహేను రోజుల్లోపే వకీలు చేత జవాబు ఇప్పించండి, అందులో ఇప్పటిదాకా పడిన కోతలన్నీ తేదీలతో, మొత్తాలతో రాయించండి.